అరుపు వెనకాల అమరిక

‘ఫైనల్ డెస్టినేషన్’ వరసలో ఆరో సినిమాకి దర్శకుల్ని వెతుకుతున్నప్పుడు జాక్ లిపోవ్‌స్కీ, ఆడమ్ స్టీన్ అనే జంట స్టూడియో వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడింది. మాటల మధ్యలో వాళ్ల వెనకాల నిప్పుగూట్లోంచి మంట ఎగసింది. ఇద్దరూ కంగారుగా లేచి ఆర్పేసి, వచ్చి మళ్లీ కూర్చున్నారు. అప్పుడు నెత్తిమీది సీలింగ్ ఫ్యాను ఊడిపడి వాళ్లలో ఒకాయన తల తెగ్గొట్టింది. ముందే తీసిపెట్టుకున్న దృశ్యాన్ని అతుకు తెలియకుండా కాల్‌లో కలిపారన్నమాట. సినిమా ఆ ఇద్దరికే దక్కింది.

ఆ చిన్న నాటకంలో నాకు ముచ్చటేసేది మంట. తల తీసింది ఫ్యానే అయినా అసలు పని చేసిపెట్టింది మంటే. అది లేస్తే చూసేవాడు బిగుసుకుంటాడు, ఆరితే వదులవుతాడు. వదులైన ఆ కాసేపట్లోనే దెబ్బ పడాలి. ముందు పడితే అనుకున్నదే అయినట్టుంటుంది, ఆలస్యమైతే మళ్లీ జాగ్రత్తపడిపోతాడు. 2025 మే నెలలో ‘ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్’ వచ్చి, తెలుగు మాటలతో మన హాళ్లలోనూ ఆడింది. జనం ఎక్కడ అరిచారు, ఎక్కడ పగలబడి నవ్వారు అని చూసుకుంటే ప్రతిచోటా ఆ వీడియో కాల్ లెక్కే దొరుకుతుంది. 2011 తర్వాత మూలపడ్డ వరస లేచి నిలబడి, 30 కోట్ల డాలర్లు దాటి, పాత అయిదింటిలో ఏదీ చూడని వసూళ్లు చూసిందంటే ఆ లెక్కే కారణమని నా నమ్మకం. సినిమా చూడనివాళ్లకు ఓ మాట: గుట్టు విప్పకుండా ఈ పనితనం గురించి చెప్పడం నావల్ల కాదు.

మొదటి సినిమా 2000లో వచ్చింది. జెఫ్రీ రెడ్డిక్ ఆ కథను మొదట ‘ది ఎక్స్-ఫైల్స్’ టీవీ సీరియల్ కోసం రాసుకున్నాడు. సినిమాగా తీసిన జేమ్స్ వాంగ్, ఆయనతో కలిసి రాసిన గ్లెన్ మోర్గన్ ఆ సీరియల్లో పనిచేసినవాళ్లే. కథ కట్టుబడి సులువు. రాబోయే ప్రమాదం ఒకరికి ముందే కళ్లకు కడుతుంది, కొందరు తప్పించుకుంటారు, తప్పించుకున్నవాళ్లను చావు వరసలో వెతుక్కుంటూ వస్తుంది. ముసుగు హంతకుడు లేడు, జుట్టు విరబోసుకున్న దెయ్యం లేదు. మరి కనపడనిదాన్ని చూపించి జనాన్ని భయపెట్టేదెలా? వాళ్లు వస్తువుల్ని పట్టుకున్నారు. పగిలిన కప్పులోంచి కారే చుక్క, బాత్‌రూమ్ నేలమీద పాకే నీరు, ఇలా ఒక్కోదానికి ఒక్కో క్లోజప్. ‘దీన్ని గుర్తుపెట్టుకో’ అని చూసేవాడి చెవిలో చెప్పడమే క్లోజప్ పని. గుర్తుపెట్టుకున్న ముక్కలన్నీ కలిపి, తర్వాత జరగబోయేది ప్రేక్షకుడే మనసులో తీసేసుకుంటాడు. సగం దర్శకత్వం టిక్కెట్టు కొన్నవాడిదే.

నిజంగానే ప్రేక్షకుడి చెయ్యి ఈ వరసలో మొదట్నించీ ఉంది. మొదటి సినిమాకు ముందు వేరే ముగింపు ఉండేది. అందులో హీరో చనిపోతాడు, హీరోయిన్ ఒక బిడ్డకు తల్లవుతుంది. విడుదలకు ముందు కొందరికి వేసి చూపిస్తే అది వాళ్లకు ఎక్కలేదు. దాంతో కథ పారిస్ చేరి, ఆఖరి క్షణంలో మరో దెబ్బ కొట్టే ముగింపు తీసి అతికించారు. తర్వాతి సినిమాలన్నీ ఆ ఆఖరి దెబ్బ అలవాటును వదల్లేదు.

2003లో డేవిడ్ ఎల్లిస్ తీసిన రెండో సినిమాలోని దుంగల లారీ సంగతి ఇంకా చిత్రం. రహదారి మీద గొలుసు తెగి దుంగలు దొర్లి, వెనక వస్తున్న కార్ల మీద పడాలి. నిజం దుంగల్ని పడేసి చూస్తే అవి రోడ్డు మీద ఎగరనే లేదు. భయపెట్టాలంటే ఎగరాలి. అందుకని కంప్యూటర్లో తయారుచేశారు. చూడ్డానికి దుంగ నిజం దుంగే, ఎగురుడు మాత్రం పీడకలలోది. ఆ దృశ్యం చూసినవాళ్లు ఇప్పటికీ అలాంటి లారీ వెనకాల బండి పోనివ్వరు. బాడీ దాటి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలకు ఎర్రగుడ్డ కట్టుకుని పోయే లారీని చూడగానే మన హైవేల మీద పక్కకు తప్పుకునేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త సినిమా ప్రచారానికి కూడా దుంగలెత్తిన లారీ మీద పేరు రాసి రోడ్ల మీద తిప్పారు. అంతకు మించి పోస్టరు ఏం కావాలి?

అయితే లిపోవ్‌స్కీ, స్టీన్ చేతికి వచ్చేనాటికి ప్రేక్షకుడు ముదిరిపోయాడు. ఏ వస్తువు కనిపిస్తే ఏం జరుగుతుందో పక్కసీటువాడికి ముందే చెప్పేస్తాడు. ఈ ముదురుతనాన్ని వాళ్లు అడ్డంకి అనుకోలేదు, యంత్రంలో ఒక పళ్లచక్రంగా బిగించేశారు. పెరట్లో కుటుంబమంతా చేరే విందు దృశ్యం చూడండి. ఒక గాజుపెంకు ఐసుముక్కల్లో పడుతుంది. గాజూ ఐసూ ఒకేలా మెరుస్తాయి, కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ చూపించే పని లేదు. ఆ తర్వాత ఎవరు గ్లాసెత్తినా మన గొంతు గీరుకుంటుంది. ఇంకోపక్క గెంతులాడే ట్రాంపొలీన్, దాని కింద పళ్లు పైకి తిరిగి పడున్న, ఆకులు లాగే ఇనప పళ్ల కర్ర. గెంతిన ప్రతిసారీ గుడ్డ సాగి ఆ పళ్ల దగ్గరికి వస్తుంది. ఈ రెండు ముప్పుల తీరూ వేరని గమనించాలి. గాజు ఎవరి నోట్లో ఉందో తెలియదు, ఎప్పుడు తగులుతుందో తెలియదు. ఇనప పళ్లు ఎక్కడున్నాయో తెలుసు, ఎంత దగ్గరపడ్డాయో కూడా కంటికి కనిపిస్తుంది. ఒకటి అనుమానం, రెండోది కొలత. కళ్లు ఈ రెండింటి మధ్యా పరుగులు పెడుతుండగా ప్రాణం తీసే పని గడ్డికోసే యంత్రం చేసేస్తుంది. హాల్లో అరుపు, దాని వెంటే నవ్వు. మన కళ్లను ఎటు తిప్పారో, ఎలా తిప్పారో అప్పుడు తెలిసివస్తుంది కాబట్టి ఆ నవ్వు. గారడీవాడు నాణెం మాయం చేసినప్పుడూ జనం అలాగే నవ్వుతారు.

టాటూ దుకాణం దృశ్యంలో ఈ గారడీ ఇంకో మెట్టెక్కింది. ఆ కుటుంబంలోని ఎరిక్ ఒంటరిగా దుకాణం సర్దుకుంటుంటాడు. పైన ఫ్యాను, ఫ్యానుకు చిక్కుకున్న గొలుసు, గొలుసు చివర కొక్కెం, అది వచ్చి తగులుకునేది అతని ముక్కుపోగుకి. కింద మంట. ఈ వరస తెలిసినవాడెవడైనా ‘వీడి పని అయిపోయింది’ అనేస్తాడు. తెల్లారి చూస్తే ఎరిక్ తాపీగా నడిచొస్తాడు! చావు వెతుకుతున్నది కుటుంబంలో పెద్దావిడ ఐరిస్ రక్తసంబంధీకుల్ని, ఎరిక్ ఆ రక్తం పంచుకుని పుట్టినవాడు కాడు. అంటే అంత బిల్డప్పూ ఉత్తి కాకతాళీయం. ఈ మెలిక చూసి నేను నిజంగా చప్పట్లు కొట్టాను. ఒక ఇంటి గుట్టును బయటపెట్టడానికి భయపెట్టే దృశ్యాన్ని వాడుకోవడం, ఆ గుట్టుతోనే వరస లెక్కను తారుమారు చేయడం, రెండు పనులూ ఒకే కొక్కెంతో అయ్యాయి. చావు వరసను ఎరిక్ గేలి చేస్తుండగా అసలు వంతు అతని చెల్లెలు జూలియాది అవుతుంది. పిల్లల బంతి ఒకటి తగిలి చెత్తడబ్బాలో పడుతుంది, చెత్త లారీ వచ్చి డబ్బా ఎత్తుకుపోతుంది. ఇక్కడ ఆలస్యం అన్నదే లేదు. టాటూ దుకాణంలో అంతసేపు సాగదీశారు గనకే ఇక్కడ తుంచేయడం చెల్లింది.

ఇప్పుడు మొత్తం కట్టడానికి వద్దాం. 1968లో స్కైవ్యూ అనే ఎత్తైన రెస్టారెంటు ప్రారంభోత్సవం. ఒక్క స్తంభం మీద నిలబడ్డ మేడ, లోపల గాజు నేల మీద నాట్యం. పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ, పండులో పురుగై వచ్చిన తక్షకుడు గుర్తొచ్చాయంటే ఆశ్చర్యం లేదు. ఇక్కడి పురుగు ఒక పిల్లవాడు విసిరిన పెన్నీ నాణెం. గాలి దాన్ని గొట్టంలోకి లాగేస్తుంది. పైన జనం పాటకు గెంతుతుంటే, షాండ్లియర్ నుంచి రాలిన స్ఫటికం తగిలి గాజు నేలకు బీట పడుతుంది. గ్యాసు, మంట, లిఫ్టు, ఒకదాన్నొకటి అందుకుంటాయి. ప్రతి ముక్కా ముందు ఏదో ఒక సరదా షాట్‌లో కనిపించినదే, ఏదీ ఊరికే ఊడిపడదు. ఈ మంటల్లో అంతా కంప్యూటర్ పని కూడా కాదు. 71 ఏళ్ల స్టంట్ కళాకారిణి ఒకామె విరమణ మానుకుని వచ్చి, ఒంటికి నిజంగానే మంట అంటించుకుని నటించారు. ఆఖరున నాణెం విసిరిన పిల్లవాడి మీదే పియానో పడుతుంది. ఇంత మారణహోమం చూసినవాళ్లు అక్కడ ఈలలు వేయడం ఏమిటని కొందరికి చిరాకు కలగొచ్చు. నాకైతే పద్దు సరిపోయినప్పటి ఈలలా వినిపిస్తుంది.

అదంతా ముందుచూపు అని పాత ప్రేక్షకుడికి తెలుసు. తెలియనిది, కల కంటున్నది దశాబ్దాల తర్వాత ఐరిస్ మనవరాలు స్టెఫానీ అని. ఆనాడు ఐరిస్ అందర్నీ కాపాడింది. చనిపోవాల్సినవాళ్లు బతికి, పిల్లల్ని కన్నారు. ఇప్పుడు చావు ఆ పద్దు పిల్లల దాకా వసూలు చేస్తోంది. ఐరిస్ మాత్రం అడవిలో కోటలాంటి ఇల్లు కట్టుకుని, ప్రతి వస్తువునూ అనుమానిస్తూ బతికింది. పరీక్షిత్తు పోలిక అసలు ఈమెకే అతుకుతుంది. కాకపోతే ఈమె మనవరాలికి రుజువు చూపించడానికి తనంతట తానే గడప దాటి బయటికొస్తుంది.

మొదటి సినిమా నుంచీ చావు నియమాలు చెబుతూ వచ్చిన బ్లడ్‌వర్త్ పాత్రలో టోనీ టాడ్ ఇందులో చివరిసారి కనిపించారు. 2024 నవంబరులో ఆయన పోయారు. ఒళ్లు చిక్కి, జబ్బు ముఖంలోనే తెలుస్తుంటుంది. ఆఖరి మాటలు రాసింది చెప్పకుండా అభిమానులతో చెప్పుకోవాలనిపించింది చెప్పమన్నారు దర్శకులు. తర్వాత ఆయన నడిచి వెళ్లిపోతారు. ఆయన మీదికి ఏ ఫ్యానూ ఏ గొలుసూ పంపలేదు. ఆ సంయమనం కూడా పనితనంలో భాగమే.

ఇక ఆస్పత్రి ఎంఆర్ఐ దృశ్యం. శాస్త్రం చూస్తే ఇది చెల్లదు. ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, మీటలు నొక్కితే గది గదంతా లాగేసేంత బలం పెరగదు. కానీ హాల్లో ఎవరికి పట్టింది? ఎరిక్ ఒంటినిండా పోగులే, ఎన్ని ఎక్కడున్నాయో సినిమా ముందే చెప్పేసింది. అతని తమ్ముడు బాబీకి వేరుశనగ పడదు, తింటే ప్రాణం మీదికొస్తుంది. గుండె ఆగి మళ్లీ కొట్టుకుంటే చావు వదిలేస్తుందన్న ఆశతో, చిరుతిళ్ల యంత్రంలోంచి వేరుశనగ మిఠాయి తీస్తారు. అందరి కళ్లూ ఆ మిఠాయి మీదే. పక్క గదిలోని అయస్కాంతం లాగితే బాబీ తలలోకి దూసుకొచ్చేది మాత్రం ఆ యంత్రంలో పొట్లాల్ని ముందుకు నెట్టే ఇనప తీగచుట్ట. మిఠాయితో పాటు అదీ తెరమీదే ఉంది, కళ్లెదుటే తిరిగింది. చూడ్డం అందరూ చూశారు, దాన్ని లెక్కలో వేసుకున్నవాడే లేడు.