సున్నపు పొర, రంగు పొర: బౌద్ధనాథ్ పరిసరాల అలంకరణపై ఒక విమర్శ

కాఠ్మండూ లోయలోని బౌద్ధనాథ్ స్తూపానికి సున్నం వేసే తీరు, పురావస్తు శిక్షణ పొందిన కంటికి మొదట కలవరం కలిగిస్తుంది. పనివారు బకెట్లతో అండం మీదికి ఎక్కి, పలుచని సున్నపు నీటిని చేతి విసురుతో చల్లుతారు. తెలుపు ఆరిన పిదప కుంకుమపువ్వు వన్నె నీటిని అదే విధంగా విసరి, వంపు తిరిగిన చారలతో పద్మదళాల ఆకృతిని తెస్తారు. 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కట్టడం మీద కుంచె లేదు, కొలత లేదు. ప్రాచీన ఉపరితలం పొర వెనుక పొరగా కప్పబడిపోతున్నదన్న ఆక్షేపణ ఇక్కడి నుండే పుడుతుంది.

ఆ ఆక్షేపణ తప్పుచోట పడుతున్నది. ఆందోళన చెందవలసింది అండం మీది సున్నం గురించి కాదు. లోయలోని పాత ఇళ్ల గోడలకు, చిన్న చైత్యాలకు ఎక్కుతున్న ఎమల్షన్, ఎనామిల్ రంగుల గురించి. దూరం నుండి చూస్తే రెండూ తెలుపే కావడం వల్ల ఈ భేదం చాలమంది దృష్టికి రాదు.

వినయపిటకంలోని చుల్లవగ్గ, సేనాసన ఖంధకంలో, ఈ విషయానికి నేరుగా సంబంధించిన ప్రకరణం ఉన్నది. అన్యతీర్థికుల నివాసాలలో తెల్లని పూత, నల్లని నేల, జేగురు పూసిన గోడలు ఉండేవి. వాటిని చూడడానికి జనులు వెళ్లేవారు. భిక్షువులు ఈ సంగతి విన్నవించగా బుద్ధుడు విహారాలకు ఆ మూడు వర్ణాలనూ అనుమతించాడు. రంగుల సంగతి అక్కడితో ముగుస్తుంది. ఆ తరువాతి అనుజ్ఞలన్నీ పూత గోడకు ఎలా పట్టాలన్న దాని గురించినవే. గరుకు గోడకు తెలుపు అంటకపోతే పొట్టు కలిపిన మట్టి పెట్టి తాపీతో సరిచేయాలి. అప్పటికీ నిలవకపోతే మెత్తని మట్టి వాడాలి. ఇంకా నిలవకపోతే చెట్టు బంకను, పిండి జిగురును వాడవచ్చు. జేగురు విషయంలో తవుడు కలిపిన మట్టి, ఆవపిండి, మైనపు నూనె వస్తాయి. స్త్రీపురుష రూపాల చిత్రణ నిషిద్ధం. పూలమాల, లత, మకరదంతం వంటి అలంకరణలు అనుమతం. వర్ణానికి ఒక మాట, అడుగు పొరకు పది మాటలు అన్న ఈ నిష్పత్తి నేటి పరిరక్షణ నిబంధనలలో తలక్రిందులైంది.

తెలుగు పాఠకునికి ఇది దూరపు విషయం కాదు. పాళీ ‘గేరుక’, సంస్కృత ‘గైరికం’, మన ‘జేగురు’ ఒకే పదార్థానికి పేర్లు. ‘సౌధం’ అన్న మాట ‘సుధ’ నుండి, అంటే సున్నం నుండి, పుట్టింది. పూత లేనిది వ్యుత్పత్తి రీత్యా సౌధమే కాదు. నాగార్జునకొండ స్తూపాలు ఇటుకతో కట్టి గచ్చు పూసినవి. ఆ పూత రాలిపోయిన తరువాతనే మనం వాటిని చూచాము; చూచిన ఎర్రని ఇటుకనే ప్రాచీనత అనుకోవడానికి అలవాటుపడ్డాము. తెల్లగా మెరిసే స్తూపాన్ని ‘కొత్తది’ అని శంకించే చూపు ఈ శిథిలాల దగ్గర అలవడినదే. మహావంసం ప్రకారం, దుట్ఠగామణి మరణశయ్యపై ఉండగా అసంపూర్ణమైన మహాథూపాన్ని ఆయన తమ్ముడు సద్ధాతిస్స తెల్లని వస్త్రంతో కప్పించి, దాని మీద వేదికను, పూర్ణఘటాల వరుసలను, ఐదు వ్రేళ్ల అలంకారాన్ని చిత్రకారులచేత వ్రాయించాడు. వస్త్రంతోనైనా సరే, తెల్లదనం లేనిదే ఆ రాజుకు తన స్తూపం పూర్తయినట్లు చూపించలేకపోయారు.

ఇక పదార్థం సంగతి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఆ పొరలో సన్నని రంధ్రాలు ఉంటాయి. వర్షాకాలంలో ఇటుకలోనికి, మట్టిలోనికి చేరిన తేమ వాటి గుండా బయటికి పోతుంది. క్షారగుణం వల్ల నాచు త్వరగా పట్టదు. కొంతకాలానికి సున్నం పొడిగా రాలుతుంది. అది లోపమని రంగుల వ్యాపారి చెబుతాడు. కాని రాలేది పూత మాత్రమే, దాని క్రింది గోడ కాదు. ఎమల్షన్ ఒక ప్లాస్టిక్ పొర. తేమ దాని వెనుక నిలుస్తుంది. తేమలోని లవణాలు అక్కడే స్ఫటికాలై ఇటుక ముఖాన్ని పొడి చేస్తాయి. చివరికి పొర ఊడినప్పుడు పాత గచ్చును కూడా పట్టుకొని ఊడుతుంది. సున్నపు గోడ ఏటా కొంత మాసి ఏటా బాగుపడుతుంది. ప్లాస్టిక్ పొర వేసిన గోడ కొన్నేళ్లు నిగనిగలాడి ఒక్కసారిగా చెడుతుంది.

లోయలోని పరిరక్షిత మండలాల నిబంధనలు ప్రధానంగా కంటికి కనబడేవాటిని పట్టుకుంటాయి: ఎత్తు, పైకప్పు, ఇటుక ముఖం, చెక్క కిటికీ. వాటి అవసరాన్ని కాదనలేము. 2003లో కాఠ్మండూ లోయ ‘ప్రమాదంలో ఉన్న వారసత్వం’ జాబితాకు ఎక్కి 2007 వరకు అందులోనే ఉండడానికి, బౌద్ధనాథ్ చుట్టూ ఉన్న సంప్రదాయ గృహాలు నశించడం ఒక కారణం. అయితే కాంక్రీటు చట్రానికి సన్నని ఇటుక తొడుగు వేసినా ఆకారం నిబంధనకు సరిపోతుంది. మెరుగు ఇటుకతో కట్టిన పాత నేవారీ గోడకు ఇటుక వన్నె ఎమల్షన్ పూసినా సరిపోతుంది. చెక్కడపు కిటికీకి నల్లని ఎనామిల్ దట్టంగా పట్టించి ఉలి గీతలను పూడ్చినా, కిటికీ చెక్కదే కనుక, సరిపోతుంది. ఒక మండలం తన వర్ణాలన్నింటినీ నిలుపుకొని పదార్థాలన్నింటినీ పోగొట్టుకోవచ్చునన్న మాట.

దాతల శ్రద్ధ కూడా ఇక్కడ విమర్శకు అతీతం కాదు. 2015 ఏప్రిల్ భూకంపంలో దెబ్బతిన్న బౌద్ధనాథ్ శిఖరం 2016 నవంబరు నాటికే, ప్రధానంగా భక్తుల విరాళాలతో, 30 కిలోలకు పైగా బంగారంతో పునర్నిర్మితమైంది. దర్బారు చౌకులలోని అనేక ఆలయాలు ఊతకర్రల మీద నిలిచి ఉన్న కాలంలో ఇది గొప్ప కార్యమే. బంగారు పూత రాగిని కాపాడుతుంది. దానిపై అభ్యంతరానికి తావు లేదు. చిక్కు ఏమిటంటే, బంగారం ఇచ్చే శాశ్వతత్వాన్ని దాత గోడ నుండి కూడా కోరతాడు. ‘పదేళ్ల వరకు చూడనక్కరలేదు’ అన్న రంగు అతనికి పెద్ద పుణ్యంగా తోస్తుంది. సున్నం విసిరే చేతులకు ఆ పదేళ్లూ పని ఉండదు. పదకొండవ ఏట సున్నం పాళ్లు తెలిసినవాడు దొరకడు. వెల్ల వేయించడం పూజలో భాగమైన చోట ఉపాసకుల ఒక ఆరాధన కూడా ఆగిపోతుంది. 1994 నాటి నారా పత్రం ప్రామాణికతను పదార్థంతోపాటు ఉపయోగంలో, సంప్రదాయంలో, పనితీరులో చూడమన్నది. మన్నిక పేరుతో వచ్చే రంగు ఆ నాలుగింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది.

సున్నం నిర్దోషి అని దీని అర్థం కాదు. తరతరాల పూత చిన్న చైత్యాల అచ్చులను మొద్దుబార్చింది. శాసనాక్షరాలు ఆ తెలుపు క్రింద ఉండగా ఎవరూ చదవలేరు. రాతి ప్రతిమల మీద, శాసనాల మీద ఏ పూతా పడకూడదు. పండుగ ముందరి తొందరలో దీనినే ముందుగా మరచిపోతారు. మరొక వైపు, పేరుకున్న పొరలను గీకివేసి ‘మూలరూపం’ బయటపెట్టే ఉత్సాహం ఇంకా ప్రమాదకరం. ప్రతి పొరా ఒక ఏటి ఆరాధనకు మిగిలిన ఏకైక సాక్ష్యం; గీకినది తిరిగి రాదు.

కనుక పరిరక్షణ మండలాలు అనుమతి పత్రంలో రంగు పేరుతోపాటు పదార్థం పేరును, అడుగు పొరను అడగడం మొదటి పని. ప్రతి పూతకు ముందు ఛాయాచిత్రం తీయడం ఖర్చులేని పని. విహార సంఘాలు అంగీకరించే చోట్ల, ప్రదక్షిణ మార్గానికి కనబడని మూల ఒకదానిలో, చేతి వెడల్పు భాగంలో పొరలను మెట్లుగా తెరచి చూపి, ఆపై పూత పడకుండా ఉంచవచ్చు. తరువాత వచ్చే పరిశోధకుడు ఆ అంచు దగ్గర కూర్చొని ఎన్ని పూతలు పడినవో, ఎప్పుడు సున్నం ఆగి ప్లాస్టిక్ మొదలైందో లెక్కించగలడు.