నిర్వచనంలో భావం, దండనలో శాతం

గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనలు పరుల రచననే కాక భావాన్ని తనదిగా చెప్పుకోవడాన్నీ దోషమన్నాయి. దండనకు మాత్రం సారూప్య శాతమే కొలమానం: 10 వరకు దండన లేదు, 60 దాటితే అధ్యాపకుడు రచనను ఉపసంహరించుకోవాలి, 2 ఇంక్రిమెంట్లు కోల్పోతాడు, 3 ఏళ్లు పర్యవేక్షణకు అనర్హుడు. ఆంగ్ల వ్యాసాన్ని తెనిగించినా, అంతర్జాలానికెక్కని తెలుగు గ్రంథం నుంచి ఎత్తిరాసినా పదాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకపోవచ్చు.

ఆచార్య పదోన్నతికి అదే ఏడాది నిబంధనలు కనీసం 10 ప్రచురణలు కోరాయి. నూజివీడు మామిడి రైతుల వృత్తిపదాలను తోటతోటా తిరిగి సేకరించిన వ్యాసమైనా, ఎత్తిరాసినదైనా ఆ లెక్కలో ఒకటే. కనుక విచారణ సంఘం శాతంతో ఆగక, అనుమానిత రచనను విషయ నిపుణులచేత మూలంతో పోల్చి చదివించాలి.