కరగకుండా పుట్టే ఇనుము

కష్టమైన ఇంజినీరింగులో స్టార్టప్పులు పాతుకుపోయిన పెద్ద కంపెనీలను మించగలవా అన్న మాట వస్తే అందరూ రాకెట్ల వైపు చూస్తారు. నేను రాయ్‌పూర్ శివార్లలోని సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల వైపు చూడమంటాను. అక్కడ రాత్రింబవళ్లు తిరిగే స్పాంజ్ ఐరన్ కిల్న్‌లో ఈ ప్రశ్నకు మంచి జవాబుంది.

రాయ్‌పూర్‌కు పడమట ముప్పై కిలోమీటర్ల దూరంలోనే భిలాయి ఉక్కు కర్మాగారం ఉంది. సోవియట్ సహకారంతో కట్టిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. బ్లాస్ట్ ఫర్నేసు పెట్టాలంటే కోకింగ్ బొగ్గు కావాలి, కోక్ ఓవెన్లు కావాలి, ఏళ్ల తరబడి ఓపిక పట్టే పెట్టుబడి కావాలి. మన దేశంలో మంచి కోకింగ్ బొగ్గు తక్కువ. భిలాయినే చిన్నది చేసి కడదామని బయల్దేరినవాడు మొదటి మెట్టులోనే ఆగిపోతాడు. రాయ్‌పూర్ చిన్న పరిశ్రమలు ఆ పని చేయలేదు. ఖనిజం నుంచి ఇనుము తీసే చోట దాన్ని కరిగించడమే మానేశాయి.

రోజుకు 100 టన్నుల కిల్న్ అంటే సుమారు 42 మీటర్ల పొడవు, 3 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం. లోపల అగ్నినిరోధక పూత. కాస్త వాలుగా పడుకుని, నిమిషానికి ఒక చుట్టు కూడా పూర్తికానంత నెమ్మదిగా తిరుగుతుంది. పై కొసన ఇనుప ఖనిజం, మామూలు బొగ్గు, గంధకాన్ని పట్టుకోవడానికి డోలమైటు పోస్తారు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, ఇక్కడ వేడి వెయ్యి డిగ్రీల చుట్టుపక్కలే. అందుకే రాయి రాయి ఆకారంలోనే ఉంటుంది. ఆక్సిజన్ వెళ్లిపోయిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. స్పాంజ్ ఐరన్ అంటే అదే.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆ వేడిని నిలబెట్టే తీరు. తిరిగే గొట్టం మీదే ఫ్యాన్లు బిగించి, పొడవునా అమర్చిన గాలి గొట్టాల ద్వారా ఏ చోట ఎంత గాలి కావాలో అంతే పంపుతారు. పై నుంచి పోసిన బొగ్గు సగం దారిలోనే ఖర్చయిపోతుంది కనుక, కింది కొస నుంచి మరికొంత బొగ్గును గాలితో లోపలికి విసురుతారు. వేడి తగ్గితే ఖనిజం సగం పచ్చిగా బయటికొస్తుంది. పెరిగితే బొగ్గు బూడిద మెత్తబడి, ఖనిజం పొడితో కలిసి, గిన్నె అడుగంటినట్టు గోడకు పట్టేస్తుంది. ఆ పట్టు రింగులా పెరిగి దారి మూసేస్తుంది. అప్పుడు కిల్న్ ఆపి, చల్లార్చి, మనుషులు లోపలికి దిగి పగలగొట్టాలి. బూడిద ఎక్కువుండే బొగ్గుతో ఈ ఇరుకు హద్దుల మధ్య నెలల తరబడి కిల్న్ నడపడం చిన్న విద్య కాదు. రింగు ఎక్కడ మొదలవుతోందో గొట్టం బయటి గోడ ఉష్ణోగ్రతల తేడా చూసి పసిగట్టే ఆపరేటరు నా దృష్టిలో గొప్ప ఇంజినీరు.

బయటికొచ్చిన వేడి స్పాంజికి గాలి తగిలితే మళ్లీ ఆక్సిజన్ పట్టేస్తుంది. అందుకని మరో తిరిగే గొట్టంలోకి పంపి, దాని పైన నీళ్లు చల్లుతూ చల్లారుస్తారు. తర్వాత అయస్కాంతం ఇనుమును పట్టుకుంటుంది, మిగిలిన బొగ్గు, డోలమైటు కలిసిన డోలోచార్ పక్కకు రాలిపోతుంది. కిల్న్ నుంచి వెళ్లే వేడి వాయువును బాయిలరుకు తిప్పి కరెంటు తీసే ఏర్పాటు కూడా వచ్చింది. ఆ కరెంటుతోనే ఇండక్షన్ ఫర్నేసులో స్పాంజిని కరిగించి, బిల్లెట్లు పోసి, ఇళ్లకు వాడే టీఎంటీ కడ్డీలు తీస్తున్నారు.

అయితే ఈ ధైర్యం వెనక ఒక ప్రభుత్వ కిల్న్ ఉంది, అదీ తెలుగు నేల మీద. 1975లో ఏర్పడిన స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో పాల్వంచలో ప్రదర్శన ప్లాంటు కట్టి, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సామర్థ్యం ఏడాదికి 30,000 టన్నులు. మన నాసి బొగ్గుతో ఈ పద్ధతి నడుస్తుందని చూపించింది అదే. 2010లో అది ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. తొలి నష్టభయం ప్రజాధనం మోసింది, తర్వాతి చురుకుదనం చిన్న పరిశ్రమలది. హైదరాబాద్ రాకెట్ స్టార్టప్ స్కైరూట్ కథా ఇలాంటిదే. ఇస్రోలో పనిచేసి వచ్చిన ఇంజినీర్లు 2018లో దాన్ని పెట్టారు, 2022 నవంబరు 18న వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది.

చిన్నవాళ్లు అన్నిటా మించారని మాత్రం నేననను. సిలికా పూత ఉన్న ఇండక్షన్ ఫర్నేసు ఖనిజం వెంట వచ్చిన భాస్వరాన్ని తీసెయ్యలేదు. భిలాయి చేసే రైలు పట్టాలు ఈ దారిలో రావు. పైగా సిల్తరా మసి రాయ్‌పూర్ ఇళ్ల మీద పడుతోందన్న ఫిర్యాదు ఏళ్ల నాటిది. దుమ్మును పట్టే ఈఎస్పీ యంత్రాలను ఆపకుండా నడపడం కూడా ఆ పనితనంలో భాగమే, అందులో ఈ పరిశ్రమ ఇంకా తన పేరు నిలబెట్టుకోవాలి. అయినా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ స్పాంజ్ ఐరన్ తీసే దేశం ఈనాడు మనదే, అందులో పెద్ద భాగం బొగ్గుతో నడిచే ఇలాంటి కిల్న్‌ల నుంచే వస్తోంది. మెటలర్జీ చదివే తెలుగు పిల్లలు ఉద్యోగం వెతుక్కునే ముందు ఒక్కసారి సిల్తరా వెళ్లి ఒక షిఫ్టు పూర్తిగా కిల్న్ పక్కన నిలబడి రావాలని నా కోరిక.