రికార్డు ఆగిన చోట దెయ్యం

1888 అక్టోబర్ 2. లండన్ వైట్‌హాల్‌లో పోలీసుల కొత్త ప్రధాన కార్యాలయం ఇంకా కడుతున్నారు. దాని నేలమాళిగలో కూలీలకు ఒక మూట కనిపించింది. విప్పితే తలా, కాళ్లూ చేతులూ లేని స్త్రీ మొండెం. మూడు వారాల ముందు థేమ్స్ ఒడ్డున దొరికిన చెయ్యి దానికి సరిపోయింది. తల మాత్రం దొరకనే లేదు. ఆమె ఎవరో, చంపిందెవరో ఈనాటికీ తెలియదు.

ఆ మొండేన్ని పరీక్షించిన పోలీసు సర్జన్ డాక్టర్ థామస్ బాండ్‌ను కథానాయకుణ్ణి చేసి సారా పిన్‌బరో 2013లో ‘మేహెమ్’ నవల రాసింది. లోకమంతా వైట్‌చాపెల్‌లో ‘జాక్ ది రిప్పర్’ అనే హంతకుణ్ణి వెతుకుతుంటే, ఈమె నదిలో తేలిన శరీర భాగాల వెంట పోయింది.

రిప్పర్ కథలోకి అతీంద్రియాన్ని తేవడం పాత పద్ధతే. 1943లో రాబర్ట్ బ్లాక్ ఒక కథలో అతణ్ణి చావులేని హంతకుణ్ణి చేశాడు. 1992లో కిమ్ న్యూమన్ ‘ఆనో డ్రాకులా’లో ఏకంగా ఇంగ్లండునే రక్తపిశాచాల ఏలుబడిలో పెట్టాడు. అది ఊహకు పండగే, కానీ అక్కడ చరిత్ర పక్కకు తప్పుకుంటుంది. పిన్‌బరో దారి కష్టమైనది. రికార్డు చెప్పినదాన్ని వీలైనంత కదపకుండా, అది నోరు మూసుకున్న చోట మాత్రమే దెయ్యాన్ని నిలబెట్టింది. ఈ ప్రక్రియకు ప్రాణం ఆ నిగ్రహమే.

బాండ్‌ను ఎంచుకోవడంలోనే ఆమె నేర్పంతా ఉంది. 1888 నవంబర్ 10న అతను రిప్పర్ హత్యల మీద పోలీసులకు ఒక నివేదిక రాశాడు. హంతకుడికి శరీరశాస్త్రం తెలియదనీ, కసాయివాడికుండే పాటి నేర్పు కూడా లేదనీ, చూడటానికి నెమ్మదస్తుడిలా, శుభ్రంగా బట్టలు వేసుకుని ఉండొచ్చనీ అన్నాడు. నేరస్థుడి మనస్తత్వాన్ని ఊహించి రాసిన తొలి నివేదికల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. అంతటి హేతువాది కళ్లకే కనిపించకూడనిది కనిపిస్తే? నిజ జీవితంలో బాండ్ నిద్రలేమితో బాధపడ్డాడు, 1901లో కిటికీలోంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. నవల ఆ నిద్రలేమిని రిప్పర్ కాలానికే జరిపి అతణ్ణి నల్లమందు గదులకు పంపుతుంది. ఇక అతను చూసింది నిజమో, మత్తో మనకు చివరిదాకా అనుమానమే ఉండాలి. అయితే స్లావుల జానపద విశ్వాసాల్లోని ‘ఉపిర్’ ఒక మనిషిని పట్టుకుందని కథ తేల్చేశాక, నాకైతే భయం కొంత పలచబడింది. పైగా పట్టింది భూతమైతే మనిషి తప్పు తేలికవుతుంది. ఈ తరహా నవలలన్నిటికీ ఉన్న పెద్ద ప్రమాదం ఇదే.

ఆ రోజుల్లో థేమ్స్‌లో ఇలా శరీర భాగాలు తేలిన స్త్రీలలో పోలీసులు పోల్చుకోగలిగింది ఒక్కరినే. 1889 జూన్‌లో ముక్కలుగా దొరికిన ఎలిజబెత్ జాక్సన్. ఒంటి మీది పాత మచ్చనూ, బట్టలనూ బట్టి గుర్తుపట్టారు. ఆమె అప్పుడు గర్భిణి. నా లెక్కలో ఇలాంటి నవల విలువ భూతం ఎంత వింతదన్న దాన్ని బట్టి కాదు, అలాంటి స్త్రీ పుటల్లో ఎంతసేపు మనిషిగా నిలిచిందన్న దాన్ని బట్టి తేలుతుంది.

తెలుగులో ఇలాంటి చారిత్రక నవల రాయాలనుకునేవారికి ఒక విన్నపం. దెయ్యాన్ని తర్వాత వెతుక్కోవచ్చు. ముందు ఆనాటి పత్రికలు, విచారణ కాగితాలు చదవండి, చనిపోయినవాళ్ల పేర్లు రాసిపెట్టుకోండి.