పేరు కన్నా ముందు ప్రతి

ఈ వారం పోస్టులో ఒక అనువాద నవల వచ్చింది. అట్ట మీద మూల రచయిత పేరుంది, ముందుమాట రాసిన పెద్దాయన పేరూ ఉంది. అనువాదం చేసినామె పేరు మాత్రం లోపల, ప్రెస్సు చిరునామా పక్కన, చీమ తలంత అక్షరాల్లో దొరికింది. ఈ విషయంలో నా పంతం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు: అనువాదకుల పేరు అట్ట మీదే ఉండాలి, మూల రచయిత పేరంత సైజులో ఉండాలి. ఇలాంటప్పుడు నాకు గుర్తొచ్చే మనిషి సోల్ ప్లాట్యే.

1876లో పుట్టిన ఈ దక్షిణాఫ్రికా నవలాకారుడికి, అనువాదకుడికి చదువు చెప్పింది ఒక మిషన్ బడి. 1894లో కింబర్లీ పోస్టాఫీసులో ఉద్యోగం. ఆ ఊళ్ళోనే 1896 ప్రాంతంలో హామ్లెట్ నాటకం చూశాడు. తర్వాత మాఫెకింగ్ కోర్టులో దుబాసీ. బోయర్ యుద్ధంలో ఆ ఊరిని 217 రోజులు ముట్టడించినప్పుడు లోపలే ఉండి డైరీ రాశాడు. అది అచ్చయింది 1973లో! ఆయన అనువాదాల వెనక నాకు కనిపించేది ఆ కోర్టు బోనే. దుబాసీ బాధ్యత మీద ప్లాట్యే ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. అక్కడ సాక్షి మాట ఒకటి అటూఇటూ అయితే ఒకడికి శిక్ష పడుతుంది. అనువాదాన్ని ఖాళీ సమయపు వ్యాపకం అనేవాళ్ళంతా ఒకసారి అలాంటి కోర్టులో కూర్చుని రావాలి.

1913 భూమి చట్టం నల్లవాళ్ళు భూమి కొనగలిగే హక్కును దేశంలో ఏడు శాతం నేలకు కుదించింది. దాని మీద మొర పెట్టుకోవడానికి 1914లో లండన్ వెళ్ళిన బృందంలో ప్లాట్యే ఉన్నాడు. మిగతావాళ్ళు తిరిగొచ్చినా ఆయన ఆగిపోయాడు. 1916లో ఆ చట్టం మీద పుస్తకం తెచ్చాడు. అదే ఏడాది తన మాతృభాష సెత్స్వానాలోని 732 సామెతలను ఇంగ్లీషు అర్థాలతో వేశాడు, ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్‌తో కలిసి సెత్స్వానా వాచకం చేశాడు. నేల పోతున్న కాలంలో నుడినైనా కాపాడుకోవాలన్న ఆరాటం అది.

షేక్స్పియర్‌ను సెత్స్వానాలోకి తెచ్చిందీ ఆ ఆరాటమే. 1930లో అచ్చయింది కామెడీ ఆఫ్ ఎర్రర్స్. మన వీరేశలింగం గారు ‘చమత్కార రత్నావళి’గా మలిచింది ఆ నాటకాన్నే. ప్లాట్యే చేసిన రెండో నాటకం, జూలియస్ సీజర్, తెలుగులోకి వావిలాల వాసుదేవశాస్త్రి చేతుల మీదుగా ఏనాడో వచ్చింది. రెండు భాషల వాళ్ళూ ఈ రెంటినీ అందుకోవడం నాకు ఎంత సంతోషమో!

అయితే సీజర్ అచ్చయింది 1937లో. ప్లాట్యే 1932లోనే పోయాడు. పరిష్కర్త ఒక ప్రొఫెసర్. బతికుండగా ప్లాట్యే ఎదిరించిన కొత్త వర్ణక్రమంలోకి పాఠాన్ని మార్చాడు, వాక్యాల మీదా చెయ్యి చేసుకున్నాడు. పుస్తకానికి ప్లాట్యే పేరుంది, లోపలి మాట పూర్తిగా ఆయనది కాదు. ఆయన నవల ‘మూడీ’దీ దాదాపు అదే కథ. రాసింది 1920 ప్రాంతంలో, వేసింది 1930లో, అదీ మార్పులతో. టైపు ప్రతి దొరకబట్టి 1978లో అసలు పాఠం బయటికొచ్చింది. ఆయన చేతిలో ఉన్న మిగతా షేక్స్పియర్ అనువాదాలు అచ్చు మొహం చూడలేదు, పూర్తి ప్రతులు దొరకనూ లేదు.

అట్ట మీది పేరు కోసం నా పోరు మానను. కానీ వరసలో దానికి రెండో చోటే ఇస్తున్నాను. మూడీ అసలు పాఠం బతికింది టైపు ప్రతి ఉండబట్టి. మీ తాతగారో, మేనత్తో చేసి, వేసేవాళ్ళు లేక ట్రంకు పెట్టెలో పెట్టిన అనువాదం మీ ఇంట్లో ఉంటే చెదలు పట్టకముందే స్కాన్ చేయించండి. ఒక కాపీ వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికి చేర్చండి. దిద్దకుండా, ఉన్నదున్నట్టు.