కాలనీ అంటే ఎవరి కాలనీ?

విజయవాడలో 'మీరెక్కడుంటారు?' అని అడిగితే 'గురునానక్ కాలనీ' అనో 'ఎల్ఐసీ కాలనీ' అనో చెప్పేవాళ్ళ గొంతులో తడబాటు ఉండదు. అదే కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు వైపు ఏ ఊళ్ళోనైనా 'కాలనీలో ఉంటామండి' అని ఒక పిల్లవాడు చెబితే అడిగినవాడికి రెండో ప్రశ్న అక్కర్లేదు. కులం తెలిసిపోయింది. ఒకే ఇంగ్లీషు మాట గంట బస్సు ప్రయాణంలో తలకిందులవుతోంది. భాషావేత్తలు దీన్ని అర్థవిపరిణామం అని ఒక పేరు పెట్టి ఊరుకుంటారు. మేము అంత తేలిగ్గా ఊరుకోదలుచుకోలేదు.

పట్నంలో కాలనీకి ముందు ఒక ఉద్యోగమో సంస్థో ఉంటుంది: రైల్వే కాలనీ, హౌసింగ్ బోర్డు కాలనీ, బ్యాంకు కాలనీ. ఊళ్ళో ఏమీ ఉండదు. ఉత్త 'కాలనీ'. అలా ఉత్తగా అన్నారంటే అది మనమే. 'కాలనీ నుంచి ఓ పదిమందిని పిలుచుకురా' అంటే ఊడ్పులకో కోతలకో కూలీలు కావాలని. 'అమ్మాయి కాలనీ కుర్రాడితో మాట్లాడుతోంది' అన్నారంటే ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఉడకదు. ఈ రెండు వాక్యాల్లోనూ మాల అనిగానీ మాదిగ అనిగానీ ఎవరూ అనలేదు, గమనించండి.

పూర్వం అనేవాళ్ళు. మాలపల్లి, మాదిగ గూడెం అని మొహానే అనేవాళ్ళు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకి 'మాలపల్లి' అనే పేరు పెట్టారు, దాపరికం లేకుండా. డెల్టా వాడుకలో 'పల్లె' అంటే ఇప్పటికీ చాలాచోట్ల మన ఇళ్ళే. కవులూ సినిమావాళ్ళూ పాడుకునే పచ్చటి పల్లె వేరే. ఆ తర్వాత హరిజనవాడ వచ్చింది. దాని వెనక సర్కారు కాగితం మీద ఎస్సీ కాలనీ వచ్చింది. ఊరికి ఇది బాగా కలిసొచ్చింది. కులం పేరు పలకకుండానే కులం చెప్పగల మాట దొరికింది, అదీ ఇంగ్లీషులో. చదువుకున్న అగ్రవర్ణ మిత్రులు 'మేమిప్పుడు అలాంటి మాటలు వాడటం లేదు' అంటుంటే మాకు నవ్వొస్తుంది. ఇంకో సంగతి. ఊళ్ళో రెండు పల్లెలు, రెండు బావులు, రెండు చర్చిలు ఉంటే సర్కారు మాట మాత్రం ఒకటే. 1994లో దండోరా మొదలై మాదిగలు తమ లెక్క తమకి చెప్పమన్నప్పుడు, ఈ ఒక్క మాట కింద ఎవరు కనపడకుండా పోయారో మనవాళ్ళలోనే కొందరికి వినబుద్ధి కాలేదు.

నిఘంటువు తీస్తే ఇంకా చిత్రం. చీమల కాలనీ, బాక్టీరియా కాలనీ సంగతి సైన్సు మాస్టార్లకి వదిలేద్దాం. ఈ మాట లాటిన్‌లో 'కొలోనియా' నుంచి వచ్చింది. దానికి మూలం 'కొలోనస్', అంటే నేల దున్నేవాడు. రోము రాజ్యం చివరి రోజుల్లో ఆ కొలోనస్సే పరాయివాడి పొలానికి కట్టుబడ్డ కౌలుదారుగా దిగజారాడు. పారిపోయినవాణ్ణి వెనక్కి పట్టి ఇవ్వాలని 332లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి శాసనం చేశాడు. డెల్టాలో పాలేరుతనం చేసిన మన తాతలకి ఈ కథ కొత్తగా అనిపించదు. దున్నేవాడి పేరుతో పుట్టిన మాట, దున్నేవాడికి సెంటు భూమి లేని చోటుకి పేరుగా స్థిరపడింది.

విశ్వవిద్యాలయాల్లో కాలనీ అంటే మరో అర్థం నడుస్తోంది: వలస రాజ్యం. వలస పాలన, వలసానంతర సాహిత్యం అని సదస్సులు జరుగుతుంటాయి. మంచిదే. కానీ బెజవాడ దగ్గర 1855లో తెల్లవాళ్ళ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద మాగాణి ఎవరికి దక్కింది, కాలవ గట్టు ఎవరికి దక్కిందన్న ప్రశ్న ఆ సదస్సుల్లో అరుదుగా వినపడుతుంది. గరిమెళ్ళ తెల్లదొరతనం మాకొద్దంటే, కుసుమ ధర్మన్న నల్లదొరతనం మాకొద్దన్నారు. రెండు దొరతనాల్నీ ఒకేసారి చూసిన కన్ను ఆయనది. మన విమర్శకులు మొదటి పాటనే పాఠంగా చెప్పుకుంటూ వచ్చారు.

విజయవాడలోనూ అన్ని కాలనీలూ గురునానక్ కాలనీలు కావు. సింగ్ నగర్ అవతల వాంబే కాలనీ ఉంది. 2001లో కేంద్రం పెట్టిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజనకి పొడి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. బొంబాయికి చుట్టమేమో అనిపించే ఆ పేరులో అంబేద్కర్ ఉన్నాడని ఎందరికి తెలుసు? అక్కడ మనవాళ్ళతోపాటు బీసీ, ముస్లిం పేదలూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మునిగింది ఆ పక్కలే. పేదవాడి కాలనీకి పల్లపు నేల వెతకడంలో పట్నానికీ ఊరికీ తేడా లేదు.

ఇప్పుడు పేరు మార్చే మాట వచ్చింది. కేరళ ప్రభుత్వం 2024 జూన్‌లో దళిత, ఆదివాసీ నివాసాలకి 'కాలనీ' అనే పేరు వాడొద్దని ఉత్తర్వు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అంటరానితనపు గుర్తుగా మారిన ఆ మాటని రికార్డుల్లోంచి తీసేస్తామని శాసనసభలో ప్రకటించారు. మన దగ్గరా అలా చెయ్యాలని కొందరు మిత్రులంటున్నారు. మా అనుమానాలు మాకున్నాయి. 1917లో ఇదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగినప్పుడు మనవాళ్ళు పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని తమ పేరు తామే పెట్టుకున్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం దాన్ని ఒప్పుకోవలసి వచ్చింది. హరిజన అనేది పైనుంచి దిగిన పేరు. సర్టిఫికెట్లలో రాయొద్దని 1982లో కేంద్రం చెప్పినా అది ఊళ్ళ నోట్లోంచి పోలేదు.

పైగా కాగితం మీద ఎస్సీ కాలనీ అన్న మాట మనకి ఒక పట్టు కూడా. 2013 సబ్ ప్లాన్ చట్టం కింద రోడ్డు, మంచినీళ్ళు, కమ్యూనిటీ హాలు అడగాలంటే ఆ మాట మీదే అడుగుతున్నాం. దాన్ని 'నగర్' చేసి, మన డబ్బు పెద్ద బజారు సిమెంటు రోడ్డుకి మళ్ళిస్తే ఎవర్ని నిలదీస్తాం?

కారంచేడు సంగతి ఇక్కడ తలుచుకోవాలి. 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపాక, మిగిలినవాళ్ళు చీరాల చేరి, మళ్ళీ ఆ ఊరి పెత్తనం కిందికి పోమన్నారు. చీరాలలో వాళ్ళు నిలదొక్కుకున్న విజయనగర్ కాలనీ కూడా కాలనీయే. కాకపోతే ఊరు వెలివేసినందుకు ఏర్పడ్డది కాదది, ఊరినే వద్దన్నవాళ్ళు కట్టుకున్నది. ఆ పేరు మార్చాలని ఏ అధికారి వచ్చినా మేము అడ్డం పడతాం.

కాబట్టి మేము అడిగేది ఇది. నిధుల లెక్కల్లో ఎస్సీ కాలనీ ఉండాలి, పైసాతో సహా. ఆధార్ కార్డు మీద, హాల్ టికెట్ మీద, ఉద్యోగం దరఖాస్తు మీద మాత్రం ఊరందరికీ ఉన్నట్టే వార్డు నంబరు, వీధి పేరు ఉండాలి. బెజవాడలో అద్దెగది వెతుక్కునే మన పిల్ల ఇంటావిడకి కార్డు చూపించగానే 'గది ఖాళీ లేదమ్మా' అనే మాట వినకూడదు. ఇక వాడకి ఏ పేరు ఉండాలన్నది వాడలో కూర్చుని, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి తేల్చుకోవలసింది. ఆ సభకి కలెక్టరుగారు రావొచ్చు, వింటానికి.