వాలిన కారు తలుపు

విజయవాడ ఆటోనగర్ టింకరింగ్ షెడ్లలో పాతకాలపు మేస్త్రి పనితనం చూసి తీరాలి. తలుపు సరిగా పడటం లేదని కారు తెస్తే ఆయన ముందు స్పానరు పట్టుకోడు. తలుపు సగం తెరిచి, వెనక అంచు కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తుతాడు. లూజు తగిలిందా, బందుల పిన్నులు అరిగాయని అక్కడే తేలిపోతుంది. తర్వాత తలుపును మెల్లగా వేస్తూ చివరి అంగుళం మీద చూపు నిలుపుతాడు. లాక్ తగలగానే తలుపు కాస్త పైకి లేచిందంటే అది వాలినట్టే.

ఈ పనితనం అంబాసిడర్ల చలవ. కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఆ కార్ల తలుపులు బాగా బరువు. ట్యాక్సీగా తిరిగే బండిలో వాటిని రోజంతా తీసి వేస్తూనే ఉండేవారు. పిన్నులు, బుష్‌లు అరగక ఏమవుతాయి? వాటిని సరిచేస్తూనే కుర్రాళ్లు మేస్త్రులయ్యారు.

ఇప్పుడు చాలాచోట్ల జరిగేది వేరు. పిల్లర్ మీద తలుపు లాక్ వచ్చి పట్టుకునే స్ట్రైకర్ స్క్రూలు వదులు చేసి, దాన్ని కాస్త కిందికి జరిపి పంపేస్తారు. ఆ పూటకి తలుపు పడుతుంది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట. పిన్ను అరుగుతూనే ఉంటుంది, పైన సందు పెరుగుతుంది, వానొస్తే సీటు తడుస్తుంది. దీన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు.

పద్ధతిగా చేసేవాళ్లు తలుపు కింద జాకీ పెట్టి, మధ్యలో గుడ్డ మడతవేసి బరువు ఆనిస్తారు. బందుల చుట్టూ గీత గీశాకే బోల్టులు వదులుతారు, పాత చోటు ఎక్కడో తెలియాలి కదా. పిన్నులు, బుష్‌లు మార్చి, పక్క తలుపుతో బాడీ గీత కలిసేదాకా ఎత్తి బిగిస్తారు. స్ట్రైకర్ వంతు ఆఖరున. దానికి కాస్త గ్రీజు రాసి తలుపు వేసి తీస్తే లాక్ ఎక్కడ ఆనుతోందో మరక చెబుతుంది. అంచు రబ్బరుకూ తలుపుకూ మధ్య కాగితం పెట్టి, తలుపు మూసి లాగితే, చుట్టూ ఒకే బిగువు ఉండాలి.

బందులు బాగుండీ తలుపు పడకపోతే ఒక అద్దం దించి వేసి చూడండి. తేలిగ్గా పడితే, లోపలి గాలి బయటికి పోలేక అడ్డుపడుతోందన్నమాట. కొత్త రబ్బరు వేయించినప్పుడూ కొన్నాళ్లు బిగుతుగానే ఉంటుంది. లాక్ మీద అనుమానముంటే, తలుపు తెరిచే ఉంచి స్క్రూడ్రైవర్‌తో దాని నాలుకను నొక్కండి. రెండుసార్లు టిక్కుమనాలి. ఒక్కసారే అంటే గ్రీజు ఎండి మట్టి పట్టి ఉండొచ్చు. చూశాక హ్యాండిల్ లాగి నాలుకను విడిపించడం మరవకండి. అలాగే వేస్తే లాక్ విరుగుతుంది.

మొదటి టిక్కు దగ్గరే ఆగిన తలుపు బయటికి మూసినట్టే కనిపిస్తుంది. మలుపులో దానికి ఆనుకుని పిల్లలు కూర్చుని ఉంటే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే ఈ పాత పనితనం బతకాలని నా తపన.

సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు బందులకూ లాకుకూ గ్రీజు పెట్టమని నోరు తెరిచి అడగండి. తలుపు వాలిందనిపిస్తే, "స్ట్రైకర్ కదిపే ముందు బందులు చూడండి మేస్త్రీ" అని చెప్పండి.